పోలీసు చర్యా? యుద్ధమా?: హైదరాబాదు చెప్పే పాఠం

హైదరాబాదు నగరంలో పంజగుట్ట కూడలి దగ్గర నిలబడి చూచేవారికి యుద్ధం జ్ఞాపకం వచ్చే కారణం ఏదీ కనిపించదు. తలపైన మెట్రో రైలు అమీర్‌పేట వైపు సాగిపోతూ ఉంటుంది. అమీర్‌పేట వీధుల్లో కంప్యూటరు విద్య నేర్పే సంస్థల బోర్డుల కింద విద్యార్థులు కిక్కిరిసి ఉంటారు. ఒకవంక నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, మరొకవంక గుట్టమీద పాతకాలపు ఎర్రమంజిల్ భవనం. కాని ఈ కూడలికి ఆగ్నేయంగా కొద్ది దూరంలో, సోమాజిగూడ దాటగానే, షామంజిల్ అనే భవనం ఉన్నది. అది ఒకప్పుడు హైదరాబాదు సంస్థాన ప్రధానమంత్రి అధికార నివాసం. తరువాత అదే రాజభవన్ అయింది. అమీర్‌పేటకు ఈశాన్యంగా బేగంపేట విమానాశ్రయం ఉన్నది. 1949 ఫిబ్రవరిలో నిజాం స్వయంగా అక్కడికి వెళ్లి సర్దార్ వల్లభ్‌భాయి పటేల్‌కు స్వాగతం చెప్పాడు. అంతకు ముందెన్నడూ ఆయన ఎవరికీ ఎదురువెళ్లి స్వాగతం పలికే అలవాటు లేదని ఆనాటివారు చెప్పుకొనేవారు.

షామంజిల్‌కూ బేగంపేటకూ మధ్య దూరం మహా అయితే రెండు మూడు మైళ్లు. సంస్థానపు కడపటి ప్రధాని మీర్ లాయఖ్ అలీ పదవిలో ఉన్న రోజులనుంచి బేగంపేటలో జరిగిన ఆ స్వాగతం దాకా గడిచినది పదిహేను మాసాలకు లోపు. ఈ కొద్ది కాలంలో జరిగిన సంఘటనకు ప్రభుత్వం పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. సైన్యం దానికి పెట్టుకొన్న రహస్య నామం ‘ఆపరేషన్ పోలో’. అందులో టాంకులు నడిచాయి, విమానాలు బాంబులు వేశాయి, సేనలు లొంగిపోయాయి. ఇంతకూ అది యుద్ధమా, కాదా? యుద్ధమే అయితే, ధర్మయుద్ధమా? ఆధునిక ప్రపంచంలో ఒక ప్రభుత్వం ఆయుధం పట్టడం ఎప్పుడు న్యాయమవుతుంది అనే పెద్ద ప్రశ్నను పరిశీలించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగు విద్యార్థికి దొరకదు.

మూడు ప్రశ్నలు

యుద్ధాన్ని గురించిన ధర్మవిచారం కొత్తది కాదు. భారత కథలో కృష్ణుడు సంధికోసం కౌరవసభకు రాయబారం వెళ్లాడు. అనగా, ఇతర మార్గాలన్నీ మూసుకొనిపోయిన తరువాతనే ఆయుధం పట్టవలెనన్న భావం అందులో ఉన్నది. యుద్ధారంభానికి ముందు ఇరుపక్షాలవారూ నియమాలు చేసుకొన్నారు: సమానుడు సమానునితోనే పోరాడాలి, ఆయుధం విడిచినవానిని కొట్టరాదు. ఇక యుద్ధం ముగిసిన రాత్రి అశ్వత్థామ నిద్రించేవారిని చంపిన ఘట్టం, ఆపైన స్త్రీపర్వంలోని విలాపం, గెలుపుతో కథ ముగియదని చెబుతున్నాయి.

ఆధునిక న్యాయశాస్త్రజ్ఞులు కూడ ఇదే విషయాన్ని మూడు ప్రశ్నలుగా విభజించారు. ఒకటి: యుద్ధానికి దిగడం న్యాయమేనా? దానికి తగిన కారణం, తగిన అధికారం ఉన్నాయా? వేరే దారి లేకపోయినదా? రెండు: యుద్ధం నడిపిన పద్ధతి న్యాయంగా ఉన్నదా? ఆయుధం పట్టనివారిని విడిచిపెట్టారా? మూడు: యుద్ధం ముగిసిన తరువాత గెలిచినవాడు న్యాయంగా ప్రవర్తించాడా? ఈ మూడు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు చెప్పవలసి ఉన్నది. మొదటి ప్రశ్నలో నెగ్గిన పక్షం తక్కిన రెండింటిలో కూడ నెగ్గినట్లు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడనే.

సంస్థానపు సమస్య

1941 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు సంస్థానంలో సుమారు 1 కోటి 63 లక్షల ప్రజలు ఉన్నారు. దాని వైశాల్యం 82 వేల చదరపు మైళ్లకు పైమాట. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు మూడూ అందులో ఉండేవి. పాలకుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ప్రజలలో అత్యధికులు హిందువులు. సంస్థానం చుట్టూ నాలుగు దిక్కులా భారతదేశమే. దానికి సముద్రతీరం లేదు.

1947లో బ్రిటిషు పార్లమెంటు చేసిన భారత స్వాతంత్ర్య చట్టం సంస్థానాలపై బ్రిటిషు కిరీటానికి ఉన్న పరమాధికారాన్ని రద్దు చేసింది. అందువల్ల తాను స్వతంత్రుడనైనానని నిజాం వాదించాడు. చట్టంలోని అక్షరాన్ని పట్టుకొని చూస్తే ఆ వాదానికి కొంత ఆధారం ఉన్నది. కాని ఒక దేశం నడిబొడ్డులో, ప్రజల సమ్మతి అడగకుండా, ఒక వంశం తన ఇష్టప్రకారం వేరు రాజ్యంగా నిలవవచ్చునా అన్నది భారత ప్రభుత్వం వేసిన ఎదురు ప్రశ్న. 1947 నవంబరు 29న ఉభయులూ ఒక సంవత్సరానికి యథాతథ ఒడంబడిక చేసుకొన్నారు. భారత ప్రభుత్వ ప్రతినిధిగా కె. ఎం. మున్షీ హైదరాబాదుకు వచ్చాడు. కాని ఒడంబడికను ఎదుటివారు ఉల్లంఘిస్తున్నారని రెండు పక్షాలూ ఫిర్యాదు చేస్తూనే వచ్చాయి. ఆయుధాలు దొంగతనంగా విమానాలలో దిగుతున్నాయని ఢిల్లీ అన్నది. సరకులు రాకుండా దిగ్బంధం చేస్తున్నారని హైదరాబాదు అన్నది. 1948 జూనులో, మౌంట్‌బాటన్ దేశం విడిచి వెళ్లేముందు సిద్ధమైన తుది ముసాయిదాను నిజాం అంగీకరించలేదు.

ఇంతలో గ్రామాలు కాలిపోతున్నాయి. కాశిం రజ్వీ నాయకత్వాన రజాకార్ల దళాలు ఊళ్లమీద పడి దోపిడీలు, హత్యలు చేస్తున్నాయి. తెలంగాణాలో జమీందార్ల మీద, నిజాం పాలన మీద కమ్యూనిస్టుల నాయకత్వాన రైతుల సాయుధ పోరాటం 1946 నుంచి సాగుతున్నది. వేలాది కుటుంబాలు సరిహద్దు దాటి బెజవాడ ప్రాంతానికి, షోలాపూరు వైపుకు చేరుకొన్నాయి. 1948 ఆగస్టులో, నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో రజాకార్లు, సంస్థాన పోలీసులు కలిసి ఊరివారిని వరుసగా నిలబెట్టి కాల్చివేశారు. అదే నెలలో, భారతదేశంలో చేరడమే మేలని తన ‘ఇమ్రోజ్’ పత్రికలో రాసిన యువ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు నగరంలోనే నరికి చంపారు. రజాకార్లకు బలి అయినవారు ఒక మతంవారే కారని ఆ హత్య చెబుతున్నది.

మొదటి ప్రశ్న: దిగవచ్చునా?

ఒక రాజ్యం మరొక రాజ్యంపై బలప్రయోగం చేయరాదని 1945లో ఐక్యరాజ్య సమితి శాసనపత్రం నిషేధించింది. దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాలు చూచిన మానవజాతి కష్టపడి చేసుకొన్న కట్టుబాటు ఇది. అంతకు పూర్వం రాజులు యుద్ధానికి దిగడం తమ హక్కు అనుకొనేవారు. 1945 తరువాత అది హక్కు కాదు, సంజాయిషీ చెప్పుకోవలసిన పని.

కాబట్టి ‘పోలీసు చర్య’ అనే పేరుకు ఎంతో ప్రాముఖ్యం ఉన్నది. పోలీసు ఇంటిలోపలివాడు. యుద్ధం ఇంటి బయట జరిగేది. హైదరాబాదు ఒక రాజ్యమే అయితే సమితి శాసనం దానికి వర్తిస్తుంది. కాకపోతే అది భారతదేశపు ఆంతరంగిక వ్యవహారం. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతా సమితికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతా సమితి సమావేశమయింది. హైదరాబాదు రాజ్యమే కాదనీ, కనుక విచారించే అధికారం సమితికి లేదనీ భారత ప్రతినిధి ఏ. రామస్వామి ముదలియారు వాదించాడు. విషయాన్ని కార్యక్రమంలో చేర్చడానికి ఎనిమిది ఓట్లు వచ్చాయి. ముగ్గురు తటస్థంగా ఉన్నారు. కాని అప్పటికే సేనలు కదిలి మూడు దినాలు గడిచాయి. మరునాటికి హైదరాబాదు లొంగిపోయింది. కొద్ది రోజులకు నిజాం తన ఫిర్యాదును ఉపసంహరించుకొన్నాడు. ప్రపంచ న్యాయస్థానం నోరు విప్పేలోగా వ్యాజ్యం ముగిసింది.

ఇక ధర్మం సంగతి. భారత ప్రభుత్వ పక్షాన బలమైన కారణాలు ఉన్నాయి. ప్రజలను కాపాడవలసిన పాలకుడు వారిని హింసించే దళాలను అదుపు చేయలేకపోయాడు, లేక చేయదలచలేదు. చర్చలు దాదాపు ఏడాది సాగాయి. అల్పసంఖ్యాకుల పాలన అధికసంఖ్యాకులపై శాశ్వతంగా నిలవదు. ఎదుటి పక్షం వాదం కూడ వినవలసినదే. ఒడంబడిక గడువు తీరడానికి ఇంకా రెండు నెలలకు పైగా ఉన్నది. ఫిర్యాదు సమితి ముందు ఉన్నది. ప్రజాభిప్రాయ సేకరణ మాట ఇరుపక్షాల ప్రతిపాదనలలోనూ వచ్చింది గాని అది జరగలేదు. ఢిల్లీలో సైతం అందరిదీ ఒక్క మాట కాదు. ప్రధాని నెహ్రూ చాలాకాలం వెనుకాడాడు. సేనాధిపతి జనరల్ బూచర్ తొందర వద్దన్నాడు. పటేల్ ఆలస్యం ప్రమాదమన్నాడు. దిగక తప్పదనే నిర్ణయం ఇంత తర్జనభర్జన తరువాత వచ్చిందన్న విషయం ఆ నిర్ణయానికి గౌరవమే తెచ్చింది. బైరాన్‌పల్లిని జ్ఞాపకం పెట్టుకొన్న చరిత్రకారుడు, మొదటి ప్రశ్నలో మొగ్గు భారతదేశం వైపే ఉన్నదంటే ఆశ్చర్యం లేదు.

రెండవ ప్రశ్న: ఎట్లా నడిచింది?

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున సేనలు సరిహద్దు దాటాయి. ముఖ్యదళం మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి ఆధ్వర్యాన షోలాపూరు నుంచి నల్‌దుర్గం మీదుగా తూర్పుకు నడిచింది. మరొక దళం మేజర్ జనరల్ రుద్ర ఆధ్వర్యాన బెజవాడ నుంచి సూర్యాపేట మార్గాన వచ్చింది. హైదరాబాదు సైన్యం సంఖ్యలోనూ, సామగ్రిలోనూ చాల వెనుకబడి ఉన్నది. రజాకార్లలో అనేకులు పాత తుపాకులతో, కత్తులతో టాంకులకు ఎదురు వెళ్లారు. సెప్టెంబరు 17 సాయంకాలం యుద్ధ విరమణ ప్రకటన వెలువడింది. మరునాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ నగరం వెలుపల చౌధురికి లాంఛనంగా లొంగిపోయాడు.

భారత సేనలో మరణించినవారు వందకు లోపు. ఎదుటి పక్షంలో దానికి అనేక రెట్లు. అయినా ఒక కోటిన్నర జనం ఉన్న దేశభాగంలో ఐదు రోజులలో ముగిసిన యుద్ధమిది. రాజధానిపై బాంబుల వర్షం కురవలేదు. మూడేండ్ల క్రితమే హిరోషిమా నగరం ఒక్క బాంబుతో నేలమట్టమైన సంగతితో పోల్చి చూస్తే, సేనలు నడచిన ఈ ఐదు రోజులలో నిగ్రహమే కనిపిస్తుంది. చరిత్ర పుస్తకాలలో అనేకం ఇక్కడనే ముగుస్తాయి.

మూడవ ప్రశ్న: ఆ తరువాత?

కాని మరణాలు అక్కడ ముగియలేదు. నిజానికి అక్కడ మొదలయ్యాయి. రజాకార్ల అండ పోగానే, వారి అత్యాచారాలకు ప్రతీకారమనే పేరుతో, ఆ దళాలతో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లిం కుటుంబాల మీద అనేకచోట్ల దాడులు జరిగాయి. ఈ వార్తలు ఢిల్లీకి చేరిన తరువాత, నెహ్రూ కోరికపై, పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అనే పెద్దలు 1948 నవంబరు, డిసెంబరు నెలలలో సంస్థానంలో పర్యటించారు. పదహారు జిల్లాలలో తొమ్మిదింటిని చూచారు. వందకు పైగా గ్రామాలకు చెందిన ఐదు వందలకు పైచిలుకు మంది సాక్ష్యం విన్నారు.

పోలీసు చర్య కాలంలోనూ, ఆ తరువాతనూ కలిపి తక్కువలో తక్కువ 27 వేలనుంచి 40 వేలమంది వరకు మరణించి ఉంటారని వారు అంచనా వేశారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయని చెప్పారు. కొన్నిచోట్ల సేనలోనివారూ, పోలీసులూ దోపిడీకి తోడ్పడినట్లు రాశారు. మరికొన్నిచోట్ల సైనికాధికారులు ప్రజలను కాపాడిన సంగతీ, హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగువారికి ఆశ్రయమిచ్చిన సంగతీ రాశారు. అంతకు ముందు రజాకార్లు చేసిన ఘోరాలను కూడ వారు దాచలేదు. ప్రభుత్వం ఈ అంకెలను అంగీకరించలేదు. పటేల్ ఆ పర్యటననే తప్పుపట్టాడు. మృతుల సంఖ్యపై చరిత్రకారులు ఈనాటికీ ఏకీభవించడం లేదు. నివేదిక మాత్రం ప్రకటన కాలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది పరిశోధకులకు అందుబాటులోకి వచ్చినట్లు లోకానికి తెలిసింది 2013లో. అనగా, అరవై ఐదేండ్ల తరువాత.

ఇంత ఘోరం ఎట్లా సంభవించింది? కారణం ద్వేషం ఒక్కటే కాదు. యంత్రవేగానికి కూడ ఇందులో పాత్ర ఉన్నది. మోటారు బండ్లపై సాగే ఆధునిక సైన్యం రాజధాని వైపు దూసుకొనిపోతుంది. పాత పోలీసు ఠాణా ఆ పూటనే ఖాళీ అవుతుంది. కొత్త అధికారి రావడానికి కొన్ని రోజులో, వారాలో పడుతుంది. నడుమ గ్రామంలో ప్రభుత్వం అనేది ఉండదు. ఎవరి పగ వారికే చట్టం. పైన చెప్పిన జిల్లాలలో ఉస్మానాబాదు, బీదరు, గుల్బర్గా షోలాపూరు వైపున ఉన్నవే కావడం గమనించదగినది. యుద్ధం ఎంత త్వరగా ముగిస్తే అంత మేలని సాధారణంగా అనుకొంటారు. కాని వేగంగా గెలిచేవాడు, వెనుక మిగిలిన శూన్యాన్ని నింపే ఏర్పాటు కూడ అంతే వేగంగా చేసుకోవలసి ఉంటుంది. సేనలను లెక్కపెట్టిన పటంలోనే తహశీలుదార్లనూ, కానిస్టేబుళ్లనూ లెక్కపెట్టవలసి ఉంటుంది.

న్యాయశాస్త్రంలో కూడ అప్పటికి ఒక శూన్యం ఉన్నది. రెండు రాజ్యాల మధ్య యుద్ధానికి హేగ్ ఒడంబడికలు ఉన్నాయి. ఒకే దేశంలోపల జరిగే పోరాటంలో నిరాయుధులను కాపాడే అంతర్జాతీయ ఒడంబడిక 1948లో లేదు. 1949 ఆగస్టు 12న సంతకాలైన నాలుగు జెనీవా ఒడంబడికలలోనూ మూడవ అధికరణం ఒకటే. దేశంలోపలి సాయుధ పోరాటంలో సైతం ఆయుధం పట్టనివారిని, ఆయుధం విడిచినవారిని చంపరాదు, హింసించరాదు, అవమానించరాదని అది శాసించింది. భారతదేశం 1950లో ఆ ఒడంబడికలను ధ్రువీకరించింది. 1960లో చట్టం చేసింది. కాబట్టి ఇప్పుడు ఏ ప్రభుత్వమూ ‘ఇది యుద్ధం కాదు, పోలీసు పని’ అనే మాటతో ఈ బాధ్యతనుంచి తప్పించుకోజాలదు. పేరు మార్చినంత మాత్రాన చనిపోయినవాని స్థితి మారదు.

ఎర్రగుడి రాయి

కర్నూలు జిల్లాలో ఎర్రగుడి అనే ఊరు ఉన్నది. అక్కడి బండలపై అశోకుని శాసనాలు చెక్కబడి ఉన్నాయి. వాటిలో పదమూడవ శాసనం కళింగ యుద్ధాన్ని గురించినది. లక్షమంది హతులైనారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, ఇంకా ఎందరో నశించారనీ, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నాననీ ఆ చక్రవర్తి చెప్పుకొన్నాడు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో, యుద్ధంలో గెలిచిన రాజు తానే తన చేతిమీదుగా చచ్చినవారి లెక్క రాతిపై రాయించడం ప్రపంచ చరిత్రలో అరుదు. తెలుగు నేలమీద అది ఇప్పటికీ నిలిచి ఉన్నది.

ఇందులో మరొక విశేషం ఉన్నది. కళింగ దేశంలోనే ఉన్న ధౌలి, జౌగడ శిలలపై ఈ పదమూడవ శాసనం లేదు. అక్కడ దానికి బదులు, ప్రజలను బిడ్డలవలె చూడవలెనని అధికారులకు ఆజ్ఞాపించే వేరే శాసనాలు ఉన్నాయి. ఎందువల్ల వదిలివేశారో పండితులు పలువిధాల ఊహిస్తారు. ఏమైనా, అశోకుడంతటివాడు కూడ ఆ లెక్కను దూరదేశాలకు చెప్పాడు గాని, దెబ్బతిన్నవారి ముంగిట పెట్టలేదు. చచ్చినవారి లెక్కను చచ్చినవారి ఊరిలోనే చెప్పడం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది. సుందర్‌లాల్ నివేదిక అరవై ఐదేండ్లు అరలో ఉండిపోవడం కూడ ఈ కష్టానికి మరొక సాక్ష్యం.

న్యాయమైన కారణంతో యుద్ధానికి దిగిన ప్రభుత్వం లెక్క చెప్పడానికి జంకవలసిన పని లేదు. లెక్క చెప్పినంత మాత్రాన కారణం అన్యాయం కాజాలదు. నిజాం పాలన అంతం కావడం ప్రజలకు మేలు చేసింది. 1952లో సంస్థాన ప్రజలు వయోజన ఓటుతో తమ ప్రభుత్వాన్ని ఎన్నుకొన్నారు. బైరాన్‌పల్లి ఎంత నిజమో అదీ అంతే నిజం. ఉస్మానాబాదు గ్రామాలలోని విధవల కన్నీరూ అంతే నిజం. ఒక నిజాన్ని చూపి మరొక నిజాన్ని కప్పివేయడం చరిత్ర కాదు. ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పేటప్పుడు తేదీలతో, విలీనంతో ఆపివేయక, మూడు ప్రశ్నలనూ నల్లబల్లపై రాసి, ఒక్కొక్కదానికి విద్యార్థులచేత విడిగా జవాబు చెప్పించడం మంచిది. ఆ తరువాత కొరియాకు, వియత్నాముకు, ఇరాకుకు ఇవే ప్రశ్నలు వేసి చూడవచ్చు. 1950లో కొరియాలో మొదలైన మహాయుద్ధానికి సైతం అమెరికాలో ‘పోలీసు చర్య’ అన్న పేరే వాడారన్న సంగతి అప్పుడు వారికి ప్రత్యేకంగా తోస్తుంది.

బేగంపేటలో 1949 ఫిబ్రవరిలో తీసిన ఛాయాచిత్రం చాల పుస్తకాలలో కనిపిస్తుంది. అందులో నిజాం చేతులు జోడించి నిలబడి ఉంటాడు. ఎదుట పటేల్ ఉంటాడు. గెలిచినవాడూ ఓడినవాడూ మర్యాదగా కలుసుకొన్నారు. నిజాం 1950లో రాజప్రముఖుడైనాడు. గృహ నిర్బంధంలో ఉన్న లాయఖ్ అలీ ఆ సంవత్సరమే తప్పించుకొని పాకిస్తాను చేరాడు. యుద్ధానికి నిర్ణయం చేసిన పెద్దలందరికీ ఏదో ఒక దారి దొరికింది. ఆ ఛాయాచిత్రంలో కనిపించనివారు, దాని వెలుపల నిలిచిపోయినవారు, ఇరువైపులా గ్రామాలలోనివారు. యుద్ధం న్యాయమా కాదా అని తూచేవాడు మొదట తక్కెడలో పెట్టవలసినది వారినే.